చేతికి రాసుకున్నా ఏమీ కాదు

మొన్న ఆదివారం మా ఇంటి ఓనరు మెట్ల పక్కన ఇనుప కటకటాలకి రంగు వేయించాడు. శ్రీకాకుళంలో నేను అద్దెకుంటున్న ఆ ఇంటికి కిటికీలు రెండే, రెండూ ఆ మెట్లవైపే తెరుచుకుంటాయి. పెయింటరు థిన్నరు డబ్బా మూత తీశాడో లేదో, ఆ వాసన తలుపు కిందనుంచి దూరి, వంటింట్లోని ఉప్మా వాసనని పక్కకి నెట్టి, నా కనుబొమల మధ్య వేలు పెట్టి నొక్కింది. కాస్త తియ్యగానూ ఉంటుంది, గొంతులో గీసుకున్నట్టూ ఉంటుంది. బయటికెళ్లి, "మూతికి గుడ్డయినా కట్టుకో అన్నా" అన్నాను. "అలవాటైపోనాది బాబూ. ఈ వాసన తగల్నిరోజు నాకు అన్నం సయించదు" అన్నాడాయన హాయిగా. నేను వాదించలేదు. వాదించడానికి నా దగ్గర సరైన మాట లేదు. సరైన మాట లేనప్పుడు నోరు మూసుకోవాలన్న జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. అది లోలాక్షి మేడమ్ దగ్గర ఆలస్యంగా, అనవసరమైన ఖర్చుతో నేర్చుకున్నది. ఆ ఖర్చు కూడా నేను పెట్టుకోలేదు. వేరొకరి చేతులు పెట్టుకున్నాయి.

లోలాక్షి మేడమ్ టెక్కలిలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. యాభైకి దగ్గరపడిన మనిషి, కాశీబుగ్గ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పాఠం మొదట్లో రెండు వాక్యాలు పుస్తకం భాషలో నడిపి, మూడో వాక్యానికి మా ఉద్దానం భాషలోకి దిగిపోయేవారు. మిగతా లెక్చరర్లని సందేహం అడిగితే జవాబో, తిట్టో, రెండిట్లో ఒకటి ఖాయంగా దొరికేది. మేడమ్‌ని అడిగితే "తెలీదు. సూద్దామేటి?" అనేవారు. తెలీదని చెప్పించుకోవడానికి ఇంత దూరం బస్సెక్కి రావాలా, ఆ మాట మా నాన్న ఇంట్లోనే ఉచితంగా చెబుతాడు కదా అని నాకు అయోమయంగా ఉండేది. ఒకరోజు ద్రావణుల పాఠం. ఒక పదార్థాన్ని తనలో కరిగించుకునే ద్రవాన్ని ద్రావణి అంటారు. ఉప్పుకి నీళ్లు, రంగుకి థిన్నరు. జీడిపిక్క తొక్కలో ఉండే నల్లటి నూనె నీళ్లలో కరగదని చెప్పి, "మరి దేన్లో కరుగుతాది?" అని అడిగారు. నేను లేచి, "కన్నీళ్లలో మేడమ్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. కాసేపు ఆలోచించారు.

"కన్నీళ్లలో ఉప్పుంటాది, కాసింత కొవ్వు కూడా ఉంటాది. కరగదనుకుంటాను. కానీ ఎవులూ సేసి సూడనేదు. సాయంత్రం ల్యాబుకి రా, ఏడుద్దువుగాని."

వెళ్లాను. ఆవిడ నిజంగానే ఉల్లిపాయ కోసి నా ముందు పెట్టారు. గాజు పలకమీద జీడి నూనె చుక్క వేసి, నా బుగ్గమీద నుంచి జారిన నీటిని దాని మీద వేసి, పుల్లతో కలిపారు. కరగలేదు. "రికార్డులో రాయి," అన్నారు. "కన్నీళ్లు పనికిరావు." నా జోకుని అంత గౌరవంగా చంపినవాళ్లు ఆవిడకి ముందు లేరు, తర్వాతా లేరు.

డిగ్రీ అయ్యాక గవర్నమెంటు ఉద్యోగానికి చదువుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో పడుకుని ఉండగా మేడమ్ ఫోన్ చేశారు. "ఖాళీగా ఉన్నావంట గదా తేజా. ఖాళీగా ఉండడం కూడా ఒక పనే, నీకది సరిగ్గా రాదు. పలాస రా." పలాస పొలిమేరలో ఒక పాత జీడి గోడౌను వెనక భాగం ఆవిడ అద్దెకి తీసుకున్నారు. రెండు స్టీలు డ్రమ్ములు, పాడైపోయిన పిండి గ్రైండరునుంచి పీకిన మోటారు, ఒక థర్మామీటరు. ప్రయోగశాల అంటే అదే. కాలేజీ అయ్యాక, సెలవుల్లో, ఆవిడ అక్కడ థిన్నరుకి బదులుగా వాడదగిన ద్రవాన్ని కొబ్బరి నూనెతో తయారుచేయాలని చూస్తున్నారు. నూనెని స్పిరిటుతో, కాస్త కాస్టిక్ సోడాతో కలిపి వేడిచేస్తే అది పల్చబడి, జిడ్డునీ, జీడి మరకనీ లాగేసే ద్రవంగా మారుతుంది. మండే గుణం తక్కువ, వాసన లేనట్టే, తల తిప్పదు. ఇది ఆవిడ కనిపెట్టిన విద్య కాదు, పుస్తకాల్లో ఉన్నదే. మన కొబ్బరితో, మన జీడికి, మన షెడ్లలో పనికొస్తుందా అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మొదటి ఆర్నెల్లు మేము సబ్బు తయారుచేశాం. సబ్బు చేయాలని ఎవరూ అనుకోలేదు. మిల్లువాళ్లు వద్దన్న ముక్కిపోయిన కొబ్బరి చవకగా దొరుకుతుంది కదా అని తెచ్చేవాళ్లం. ఆ నూనెలో సోడా పడగానే డ్రమ్ములో ఉన్నదంతా గడ్డకట్టి సబ్బైపోయేది. మా ఊళ్లో ఆ ఆర్నెల్లూ బట్టల సబ్బు కొన్నవాళ్లు లేరు. స్పిరిటు వాసనకి పక్క గోడౌను వాచ్‌మన్ మేం సారా కాస్తున్నామని నమ్మి, ఒకరోజు గ్లాసు పట్టుకుని వచ్చాడు. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి, మేం చేసేదేమిటో అరగంట వివరించారు. ఆయన మళ్లీ రాలేదు. చివరికి నూనెని ముందే శుభ్రం చేసుకోవాలని తెలిసింది. ఒక మధ్యాహ్నం డ్రమ్ము పైభాగంలో లేత పసుపురంగు ద్రవం నీళ్లంత పల్చగా తేలింది. మేడమ్ దాన్ని గుడ్డకి అద్ది, జీడి నూనె పేరుకుని నల్లబడిన, పిక్కలు కోసే కత్తెర బ్లేడు తుడిచారు. బ్లేడులో నా మొహం కనిపించింది. నేను గెంతాను. "ఎగరకు," అన్నారు మేడమ్. "ఇప్పటికి ఒక బ్లేడు సంగతే తెలిసింది."

ఇదంతా ఎందుకు చేస్తున్నారని ఊరంతా అనుకునే జవాబు ఒకటి ఉండేది. మేడమ్ అన్నయ్య జోగారావు గారు పడవలకి రంగులేసేవారు. భావనపాడు నుంచి డొంకూరు దాకా సముద్రపొడ్డున ఆయన చెయ్యి పడని పడవ ఉండేది కాదంటారు. ముప్పై ఏళ్లు థిన్నరుతోనే చేతులు కడుక్కున్న మనిషి, కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లేవారు. చెల్లెలి ఇంట్లోనే ఉండేవారు. నేను కూడా ఊరి జవాబునే నమ్మాను. ఒకసారి భోజనానికి వెళ్లినప్పుడు ఆయనతో గొప్ప సానుభూతిగా, "మేడమ్‌గారి ఈ పోరాటమంతా మీకోసమే గదండీ" అన్నాను. ఆయనకి చారు పొలమారింది.

"నాకోసమేటిరా! నా కిడ్నీ థిన్నరు వల్ల పోనాదని ఎవులు సెప్పారు? థిన్నరు మొకం సూడనోళ్లకీ పోనాయి గదా మన ఊళ్లలో. ఇదిగో, ఈవిడగారు సదువుకున్నాది, అడుగు."

నేను మేడమ్ వైపు చూశాను. "తెలీదు," అన్నారావిడ, చారు వడ్డిస్తూ.

"తెలీనప్పుడు మరెందుకే ఈ యాతన?"

"తెలిసినాక మొదలెట్టమంటావేటి?"

జోగారావు గారు నావైపు తిరిగి, "సూసినావా, ఇదీ వరస. సిన్నప్పుడు కూడా ఇంతే, దీంతో పేకాట ఆడనేం" అన్నారు. నాకు మేడమ్ మాట మింగుడుపడలేదు. కారణం తెలియకుండా ఒక మనిషి ఇన్నేళ్లు ఎలా పనిచేస్తుంది? నాకైతే కథ కావాలి, కథలో ఒక దుర్మార్గుడు ఉండాలి. థిన్నరు ఆ వేషానికి చక్కగా సరిపోయింది. ఆవిడ మాత్రం దానికి వేషం వేయనివ్వడం లేదు.

పలాసలో మాకు తెలిసిన ఒక జీడి షెడ్డు యజమాని, అందరూ సావుకారు అని పిలిచే పెద్దమనిషి, మా ద్రవాన్ని వాడి చూడ్డానికి ఒప్పుకున్నాడు. ఆ షెడ్డులో ఆడవాళ్లు కాలితో తొక్కే చిన్న కత్తెర మిషన్ల ముందు కూర్చుని, ఉడికిన జీడిపిక్కల్ని ఒక్కొక్కటిగా పగలగొట్టి పప్పు తీస్తారు. తొక్కలోంచి చిమ్మే నల్ల నూనె చర్మానికి తగిలితే కాలుస్తుంది, మరక వారాలపాటు పోదు. బ్లేడులు కడగడానికి వెనక గదిలో థిన్నరు తొట్టె ఉండేది. సాయంత్రం పని దిగగానే ఆడవాళ్లు వరసగా వచ్చి, ఆ తొట్టెలోనే మోచేతుల దాకా ముంచి చేతులు కడుక్కునేవారు. మేడమ్ మొదటిరోజు అది చూసి గుమ్మంలో ఆగిపోయారు. బ్లేడుల మాట ఆ క్షణంనుంచి వెనకబడింది. సావుకారు బ్లేడులు దేనితో కడుక్కున్నా ఆవిడకి అభ్యంతరం లేదు. ఆ తొట్టెలో చేతులు ముంచడం ఆగాలి, అంతే. బయటికొచ్చి నాతో అన్నది ఒక్కటే మాట: "సీసాల్లో పోసి ఇద్దాం. దాని మీద కాగితం అంటించు. పనయ్యాక సేతులు తుడుసుకోడానికి, అని రాయి."

అక్కడ నేను రచయితనయ్యాను. 'పని ముగిశాక చేతులు తుడుచుకొనుటకు' అన్నది నాకు మరీ చప్పగా, రైల్వే బోర్డులా అనిపించింది. జనానికి ధైర్యం ఇచ్చే మాట కావాలి కదా. పెద్దక్షరాలతో 'చేతికి రాసుకున్నా ఏమీ కాదు!' అని రాశాను. పక్కన నవ్వుతున్న అరచేతి బొమ్మ కూడా వేశాను, దానికి కళ్లూ మూతీ పెట్టాను. మేడమ్ చెప్పిన వాక్యాన్ని అడుగున చీమంత అక్షరాల్లో అచ్చు వేయించాను. మేడమ్ చూశారు. "ఏమీ కాదని మనకి తెలుసా?" అన్నారు. "మీరే కదా మేడమ్, రోజూ చేతికి రాసుకుంటున్నారు, ఏమైంది?" అన్నాను. ఆవిడ తన చెయ్యి తిప్పి చూసుకున్నారు. ఏమీ కాలేదు. అప్పటికే కాలేజీ బస్సుకి వేళైంది. సీసాలు వెళ్లిపోయాయి.

నాలుగోరోజు పొద్దున్న సావుకారు ఫోన్ చేసి, నమస్కారం లేకుండా, "అమ్మా, మీ సీసాలు కాలవలో పోయించేశాను. ముగ్గురి సేతులు బొబ్బలెక్కి పోయాయి. ఇంక మా షెడ్డు సాయలకి రాకండి" అన్నాడు.

జరిగింది ఇది. జీడి షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు పని మొదలెట్టే ముందు చేతులకి ఆముదం పట్టించి, పైన బూడిద అద్దుకుంటారు. అమ్మమ్మల కాలంనుంచి ఉన్న పద్ధతి. నేనూ చూశాను, మేడమూ చూశారు. పొద్దున్నే తల దువ్వుకున్నట్టు అదొక అలవాటనుకున్నామే తప్ప, అది వాళ్ల చేతి తొడుగని మాకు తట్టలేదు. వాళ్ల లెక్కలో నూనె అంటే పనికి ముందు రాసుకునేది. మా సీసాలోంచి కొబ్బరి వాసన వస్తోంది. పైన పెద్దక్షరాలు చేతికి రాసుకోమంటున్నాయి. చెయ్యి బొమ్మ నవ్వుతోంది. చదువొచ్చిన ఒకామె బిగ్గరగా చదివింది. జిడ్డు ఆముదం కంటే ఇదే బావుందని, ఆముదం మానేసి, మాది రాసుకుని పనికి కూర్చున్నారు. "ఆముదం సిక్కన," అన్నారు మేడమ్, నాకు చెబుతున్నట్టు కాదు, గోడకి చెబుతున్నట్టు. "గోడలాగ నిలబడతాది. మనది పల్సన. జీడి నూనెని కరిగించి, సెయ్యి పట్టుకుని తోలు లోపలికి తీసుకెల్లింది. కరిగించమనే గదా సేశాం. బాగానే సేశాం."

ముగ్గురిలో ఎక్కువ కాలింది నరసమ్మకి. షెడ్డులో అందరికంటే వేగంగా పిక్కలు కొట్టే మనిషి. మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్లేసరికి అరుగుమీద కూర్చుని, రెండు అరచేతులూ పైకి పెట్టి ఒళ్లో ఉంచుకుంది, ఎవరో వచ్చి ఏదో పోస్తారన్నట్టు. వేళ్ల మధ్య చర్మం నల్లగా లేచిపోయి ఉంది. కోడలు అన్నం ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు జోకు వస్తుంది, అది నా జబ్బు. "కొన్నాళ్లు మహారాణీలా కూర్చుని తిను పెద్దమ్మా" అన్నాను.

నరసమ్మ నా మొహంలోకి చూసి, "మారాణీకి దురదెడితే గోక్కోడానికి సేతులుంటాయి బాబూ" అంది.

మేడమ్ ఆమె ముందు నేలమీద కూర్చున్నారు. "తప్పు నాదమ్మా. పనయ్యాక రాసుకుంటే ఏటవుతాదో సూశాను. ముందు రాసుకుంటే ఏటవుతాదో సూడనేదు." డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే సంగతి మాట్లాడారు. ఆ కాగితం మీద రాత ఎవరిదో ఒక్క ముక్క చెప్పలేదు. నేను అరుగు స్తంభానికి ఆనుకుని, ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని కాచుకున్నాను. తిరిగి వస్తూ ఆటోలో కూడా చెప్పలేదు. ఇది దయా, శిక్షా? దయ అయితే ఇంత మంటేమిటి? చివరికి నేనే, "నా పేరెందుకు చెప్పలేదు మేడమ్?" అని అడిగాను.

"నీ పేరు సెప్పడానికి నీకు నోరుంది గదా," అన్నారు. "ఎప్పుడూ ఖాళీగా ఉండదు గూడాను."

మర్నాడు ఆవిడ సావుకారు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ఇంక రావద్దన్న మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే, "మనుసులు తక్కువయ్యారు గదండీ. ఈణ్ని నరసమ్మ మిషను కాడ కూసోబెట్టండి. కూలి నరసమ్మకి పంపండి" అన్నారు. సావుకారు అయోమయంగా నన్ను చూశాడు, నేను అంతకంటే అయోమయంగా మేడమ్‌ని చూశాను. "డిగ్రీ సదివినోడు పిక్కలు కొడతాడేటమ్మా?" "కొట్టలేడు. అందుకే కూసోబెడతన్నాను." అలా నేను నరసమ్మ మిషను ముందు కూర్చున్నాను. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని, కాలితో తొక్కి, పిక్క పగలగొట్టబోయి నా పరువు పగలగొట్టుకున్నాను. పక్కనున్న ఆడవాళ్లు గంపెడు పప్పు తీసేలోగా నేను తీసినవి గుప్పెడు, అందులోనూ సగం ముక్కలు. "బాబూ, పిక్కని కొట్టమన్నాం, పగ సాదించమన్నేదు" అని ఒకామె నవ్వింది. మూడోరోజుకి నా వేళ్లు మా అమ్మ గుర్తుపట్టలేనంత నల్లబడ్డాయి.

నాలుగోరోజు సాయంత్రం ఒకటి జరిగింది, దాన్ని నేను మేడమ్‌కి తప్ప చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. పని దిగేసరికి ఊళ్లకి వెళ్లే ఆటో బయట హారన్ కొడుతూ ఉంటుంది. అది తప్పితే ఇంకోటి లేదు. మా ద్రవం సీసా నా సంచిలోనే ఉంది. తుడిస్తే మరక వదలడానికి పావుగంట పడుతుంది. ఆటోవాడు అప్పటికే ఇంజను స్టార్టు చేశాడు. నేను, లోలాక్షి మేడమ్ దగ్గర ఏడాదిగా థిన్నరుకి వ్యతిరేకంగా పనిచేస్తున్న నేను, పరుగున వెనక గదిలోకి వెళ్లి, తొట్టెలో మోచేతుల దాకా ముంచాను. అయిదు లెక్కపెట్టేలోగా చేతులు తెల్లబడ్డాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రాత్రంతా చేతులు మండాయి, తల దిమ్మెక్కింది. తిడతారనుకుంటూనే మర్నాడు మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి.

"ఎంతసేపు పట్టింది?"

"అయిదు లెక్కపెట్టేంత."

"మనదానికి?"

"ఆటో ఎలిపోయేంత."

మేడమ్ స్టూలుమీద కూలబడ్డారు. ఏడాదిపాటు మేం మరక ఎంత వదిలిందో కొలిచాం, ద్రవం ఎంత వేడికి మండుతుందో కొలిచాం. ఆటో ఎంతసేపు ఆగుతుందో కొలవలేదు. "ఇది నాకు ల్యాబులో ఎప్పటికీ తెలిసీది కాదు" అన్నారు. కోపం లేదు, సంతోషమూ కాదు. ఏదో పోగొట్టుకున్నదాన్ని తప్పుడు చోట వెతుకుతున్నానని తెలిసిన మనిషిలా ఉన్నారు.

నరసమ్మ చేతులు మానడానికి మూడు వారాలు పట్టింది. తిరిగి వచ్చిన రోజు నన్ను తన మిషను దగ్గరనుంచి లేపి, నేను కొట్టిన పప్పు వంక జాలిగా చూసి, "ఆ కాగితం రాసింది నువ్వే గదా" అంది మామూలుగా.

"మేడమ్ చెప్పారా?"

"ఆవిడెందుకు సెప్తాది? ఆ మేడమ్మకి అలాటి రాత రాదు. నవ్వొచ్చే రాత నీదేనని మా ఇంటికొచ్చి మారాణీ అన్నావే, అప్పుడే తెలిసిపోనాది. నువ్వే సెప్తావేమోనని ఇన్నాళ్లూ సూశాను."

"చెప్దామనే అనుకున్నాను పెద్దమ్మా."

"అనుకుంటావు. ఆ సీసా ఏదీ, ఇలా తే."

ఆమె మళ్లీ ఆ సీసా ముట్టుకుంటుందని మేడమ్ కూడా ఊహించలేదు. సాయంత్రం గోడౌనుకి వచ్చి, నల్లబడిన చేతులతో మా ముందు కూర్చుంది. మా పద్ధతిలో ద్రవం పోసి గుడ్డతో రుద్దింది. కాసేపటికి విసుగెత్తి, "జిడ్డు గిన్నె గుడ్డతో తోముతారేటి ఎవులైనా?" అని, పక్క గోడౌను వాచ్‌మన్ దగ్గర ఆవుకోసం ఉంచిన తవుడు గుప్పెడు తెప్పించింది. చేతులకి ద్రవం రాసి, వెంటనే తవుడు వేసి గట్టిగా రుద్ది దులిపింది. నల్లటిదంతా తవుడుతోపాటు ఉండలు కట్టి రాలిపోయింది. తర్వాత సబ్బు, నీళ్లు. మేడమ్ చేతి గడియారం చూస్తున్నారు. ఆటో ఆగే వేళ ఇంకా మిగిలే ఉంది. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "బాగానే ఉన్నాది" అంది నరసమ్మ. "బాగుందో నేదో రేపు తెలుస్తాది. ఎల్లుండి కూడా సూద్దాం" అన్నారు మేడమ్. రోజూ వచ్చి, రోజూ చేతులు చూపించింది. రెండు వారాల తర్వాతే మేడమ్ రెండో కాగితం మాట ఎత్తారు. నేను పెన్ను తీశాను. నరసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఈసారి నేను సెప్తాను, నువ్వు రాయి. సొంతంగా ఏటీ కలపకు." ఆమె చెప్పింది: ముందు ఆముదం, బూడిద. ముందు ఇది రాసుకుంటే సేతులు పోతాయి, నావి పోయాయి. పనయ్యాక ఇది, తవుడు, సబ్బు. నరసమ్మ.

అంతే రాశాను. బొమ్మ వేయలేదు. 'సేతులు' అన్నదాన్ని 'చేతులు' అని దిద్దబోతే మేడమ్ వద్దన్నారు.

సావుకారు సీసాని షెడ్డులోకి రానివ్వలేదు. ఆడవాళ్లు అన్నం క్యారియర్ల అడుగు గిన్నెలో తవుడు, పక్కన సీసా పెట్టుకుని తెచ్చుకున్నారు. మొదట నరసమ్మ ఒక్కర్తే, తర్వాత ఆమె వరసలో కూర్చునే నలుగురు, వానాకాలానికి షెడ్డు మొత్తం. సావుకారికి తెలుసు. థిన్నరు ఖర్చు తగ్గిందని ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలియనట్టు నటించాడు, మేమూ నటించాం. బ్లేడులకి మాత్రం థిన్నరే కావాలన్నాడు, దానికి సరిపోయే వేగం మా దగ్గర ఇప్పటికీ లేదు. ఆ తొట్టె ఇంకా అక్కడే ఉంది. అందులో చేతులు లేవు. ఇది గెలుపా ఓటమా అని మేడమ్‌ని అడిగాను. ఆవిడ ఏమన్నారో ఈపాటికి మీకు తెలుసు.

జోగారావు గారు ఆ మరుసటి ఏడు పోయారు. ఆస్పత్రి కాగితం మీద కారణం కిడ్నీ అని రాశారు. కిడ్నీకి కారణం ఎవరూ రాయలేదు. పన్నెండో రోజు అయ్యాక మేడమ్ గోడౌనుకి వచ్చి, అన్నగారి పాత బ్రష్షులు నాలుగు, రంగు గట్టిపడి రాయిలా అయినవి, మా ద్రవంలో నానబెట్టారు. మర్నాటికి ఒకటి మెత్తబడింది, మూడు మెత్తబడలేదు. ఆ మూడింటినీ వేరే డబ్బాలో వేసి మూత పెట్టారు. నాకేదో అందామనిపించింది. అనలేదు. మేడమ్ పోయారని కూడా మీరు అనుకుంటున్నారేమో, లేదు. రిటైరై కాశీబుగ్గలోనే ఉన్నారు. వారంవారం ఫోన్ చేసి, నా ఉద్యోగం ఎలా ఉందని అడగకుండా, ఆ మూడు బ్రష్షుల గురించి చెబుతారు. ఈమధ్య రెండోది కొసల్లో కదులుతోందట.

నేను ఇప్పుడు పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. డ్రమ్ముల మీద, గోడల మీద అంటించే జాగ్రత్తల కాగితాలు రాయడం నా పని. మనుషుల్ని తమాషాగా వాడుకుంటుంది లోకం. ఈమధ్య మొక్కలనుంచి తీసిన ద్రావణి ఒకటి కొత్తగా వచ్చింది. దాంతో వచ్చిన కాగితం నిండా సురక్షితం, సురక్షితం అని ఉంది. మా మేనేజరు దాన్ని తెలుగులోకి దించి సాయంత్రానికల్లా అంటించమన్నాడు. నేను కిందకి దిగి, దాన్ని డ్రమ్ములోంచి పోసే కుర్రాడి దగ్గరికెళ్లి, "నువ్వెలా చేస్తావో ఒకసారి చూపించు" అన్నాను. అతను జేబులోంచి మాస్కు తీశాడు. తీసి గరాటు మూతికి చక్కగా కట్టి, ద్రవాన్ని దాంట్లోంచి వడకట్టాడు. నలకలు పడితే పైవాళ్లు తిడతారట.

"మరి నీ మూతికి?"

"ఒకటే ఇత్తారు గదా సార్."

అతన్ని కోప్పడాలో, మాస్కు ఇచ్చినవాణ్ని కోప్పడాలో, తెలివికి మెచ్చుకోవాలో తెలియలేదు. పైకి వచ్చి కాగితం మీద మొదటి వాక్యం రాశాను: మనిషికి రెండు మాస్కులు ఇవ్వాలి, ఒకటి గరాటుకి. మేనేజరు చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు, భలే జోకేశావయ్యా తేజా అన్నాడు. సంతకం పెట్టేదాకా నేను అతని బల్ల ముందునుంచి కదల్లేదు.